వార్తల్లో పదం: ఎఫ్‌టీపీ స్వాగత సందేశం

భద్రాచలం అడవి దారిలో చెక్‌పోస్టు పనులు రెండు: బోర్డుతో హెచ్చరించడం, గేటుతో ఆపడం. ఫైళ్లు పంపుకొనే ఎఫ్‌టీపీ సర్వర్‌కూ ఈ రెండూ కావాలి. ఈ పద్ధతి తొలి రూపాన్ని 1971లో రాసింది భారతీయుడు అభయ్ భూషణ్.

కనెక్ట్ కాగానే 220 అంకెతో కనిపించే వాక్యమే స్వాగత సందేశం. అందులో సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ ఉంటే దొంగకు దారి చూపినట్టే. ‘అనుమతి ఉన్నవారికే ప్రవేశం’ అని రాస్తే చాలు.

అయితే బోర్డు గేటు కాదు. వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అనానిమస్ ఎనేబుల్’ వరుసకు ‘నో’ అని రాస్తేనే ఊరూపేరూ లేని లాగిన్లు ఆగుతాయి. ఎవరి ఫోల్డర్‌కు వారిని పరిమితం చేయాలి. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా వెళ్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 2021లోనే ఎఫ్‌టీపీని వదిలేశాయి. పాస్‌వర్డ్‌ను ముసుగేసి పంపే ఎస్‌ఎఫ్‌టీపీకి మారడమే క్షేమం.