రాళ్ళ నెక్కు చిన్నబండి

ఖమ్మము దాటి భద్రాచలమువైపు పోవుకొలది అడవిబాటలును, వాగులలో గుండురాళ్ళును కాననగును. అట్టి తావులకు దగిన ఆటబండియే రాక్ క్రాలరు. సాధారణముగా నిజమైన బండిలో పదియవవంతు కొలత గల దీనిని రేడియో తరంగములచే దూరమునుండి నడుపుదురు. 1898వ సంవత్సరమున నికోలా టెస్లా న్యూయార్కు నగరమున నొక చిన్న పడవను ఇట్లే నడిపి చూపెను.

ఇది పరుగుపందెమునకు గాదు. నెమ్మదియే దీని బలము. మోటారు 40 మారులు తిరిగిన చక్ర మొక్కమారు తిరుగునట్లు గేరుచక్రములను గూర్చినయెడల, రాపిడివలన బోవునది పోగా, త్రిప్పు బలము 40 రెట్లకు సమీపించును. మామూలు మోటారుబండిలో డిఫరెన్షియలు ఉండుటచే, ఒక చక్రము గాలిలోనికి లేచినచో అదియే వృథాగా తిరుగును. ఇందు దానిని బిగించివేయుదురు. కావున నేల నంటిన చక్రము లాగుచునే యుండును. మెత్తని రబ్బరు టైర్లు రాతిని బట్టుకొనును.

విద్యార్థులు మొట్టమొదట గోరు మార్పు వడిగల మోటారు. మేము దానిని గడపట నుంచుదుము. ఏటవాలు నెక్కునపుడు బరువు వెనుకచక్రములపై బడి, ముందుభాగము లేచి, బండి వెల్లకిల పడును. కాబట్టి బ్యాటరీని క్రిందికిని ముందునకును జరిపి, ముందుచక్రములలో ఇత్తడి బిళ్ళల నమర్చవలెను. పైతొడుగు ఎంత తేలికయైన నంత మేలు.

ఒక హెచ్చరిక. లిథియం పాలిమర్ బ్యాటరీని గది యొక్కింటికి 4.2 వోల్టులకు మించి నింపరాదు. 3 వోల్టులకు దిగువకు బోనీయరాదు. ఉబ్బినదానిని వాడిన నిప్పంటుకొనవచ్చును. పెద్దలు దగ్గర నుండగనే ఛార్జి చేయవలెను.

బాలబాలికలారా, బండి రాతిపై నిలిచిపోయినపుడు వెంటనే చేతితో నెత్తకుడు. ఏ చక్రము నేల విడిచినదో, బరు వెటు వాలినదో వంగి చూడుడు. యంత్రశాస్త్రమున మొదటి పాఠ మదియే.