మాసిన తాటాకును చదువు కిరణములు

నల్లగొండ, పాలమూరు సీమల పాత ఇండ్లలో అటకలపైనను, పాత పెట్టెలలోను తాళపత్ర గ్రంథముల కట్టలు ఉండవచ్చును. నల్లబడి, పెళుసెక్కి, చదువ శక్యముగాని ఆకులు ఎందులకని వానిని ఏటిలో విడుచుటకు పూనుకొనువారికి మేమొక మాట చెప్పదలచితిమి. మన కంటికి అందని వ్రాతను చదువగల సాధనములు నేడు కలవు.

మన పెద్దలు తాటాకుపై ఘంటముతో గీచి వ్రాసి, అక్షరములు స్పష్టమగుటకు దీపపు మసి పూసెడివారు. వందల ఏండ్లకు ఆకు కూడ నల్లబడగా, నలుపుపై నలుపు కనబడదు. కాని కంటికి కనబడని పరారుణ కిరణములు ఆ రెండింటికిని గల భేదమును గుర్తించును. వానిని ఆకు చాలవరకు వెనుకకు పంపును, మసి మ్రింగివేయును. కావున ఆ కిరణములను గ్రహించు కెమెరాలో ఆకు తెల్లగను, అక్షరము నల్లగను తోచును. మసి రాలిపోయినచో, ప్రక్కనుండి వాలుగా వెలుతురు ప్రసరింపజేసి తీసిన చిత్రములో గీతల నీడలే అక్షరములను చూపును.

ఉడిపిలో మధ్వాచార్యుల 36 గ్రంథములు గల సుమారు 700 ఏండ్లనాటి తాళపత్ర ప్రతికి, 2006 ప్రాంతమున అమెరికాలోని రోచెస్టర్ సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు పరారుణ కాంతితో చిత్రములు తీసిరి. మృతసముద్ర తీరమున ఏన్‌గెదిలో 1970లో దొరికిన, కాలి బొగ్గైన తోలుచుట్టను విప్పకయే, ఎక్స్‌రే చిత్రముల సాయముతో 2015లో చదివిరి.

మన సీమ విద్యలకు పుట్టినిల్లు. గద్వాలకు విద్వద్గద్వాల యని పేరు. రాచకొండ ప్రభువు సింగభూపాలుడు రసార్ణవసుధాకరమును, జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమును రచించిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఇంకను వెలుగు చూడని రచన ఏ ఇంటి అటకపై నున్నదో ఎవరెరుగుదురు?

కావున మీ ఇంట తాళపత్రములున్నచో ఈ జాగ్రత్తలు పాటింపుడు. అంటుకొనిన ఆకులను కత్తితోగాని, నీటితోగాని విడదీయకుడు. నూనె, పసుపు మీయంతట మీరు పూయకుడు. ఆకుల వరుస మార్చకుడు. విరిగిన తునకలను సైతము పారవేయకుడు. కట్టను శుభ్రమైన పొడి గుడ్డలో చుట్టి, చెమ్మ, చెదలు చేరనిచోట ఉంచుడు. పిమ్మట హైదరాబాదులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమువారికి తెలుపుడు.

మాసిన అక్షరమును కిరణములు చదువగలవు. ఏటిపాలైన ఆకును ఏ కిరణమును చదువజాలదు. ఆకును కాపాడు భారము మాత్రము మన చేతిలోనే ఉన్నది.