వైద్యవిద్యకు ముందటి నాలుగు సంవత్సరములు

2025 ఏప్రిల్ మాసమున మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునుండి మాకొక యుత్తరము వ్రాసిరి. ఆయన సకుటుంబముగా డల్లాస్ నగరసమీపమున చిరకాలమునుండి నివసించుచున్నారు. భార్యాభర్త లిరువురును కంప్యూటరు ఉద్యోగులు. పెద్దకుమార్తె హైస్కూలు చదువు ముగించుచు డాక్టరు కావలయునని సంకల్పించినది. ఆమెకు రెండు విశ్వవిద్యాలయములనుండి ప్రవేశపత్రములు వచ్చినవి. ఒకటి ఆ రాష్ట్రముననే ఆస్టిన్‌లో నున్న టెక్సాస్ విశ్వవిద్యాలయము. రెండవది వేయిమైళ్లకు పైబడిన దూరమున బాల్టిమోర్‌లో నున్న జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము. మే 1 వ తేదీలోగా ఏదో యొకదానికి సమ్మతి తెలుపవలయును. తండ్రికి హాప్కిన్స్‌మీద మనసు, తల్లికి ఆస్టిన్‌మీద. గుంటూరునుండి నాయనమ్మగారు ఫోనులో ఉదయ మొకమాట, సాయంకాల మొకమాట చెప్పుచున్నారట. “మాస్టారుగారూ, నరసరావుపేటలోని స్థలము అమ్మియైనను పిల్లను హాప్కిన్స్‌కు పంపవలెనని నాకున్నది. మీరేమందురు?” అని ఆయన ప్రశ్న.

మేము ఉపాధ్యాయులమేగాని వైద్యులము కాము. కావున అచ్చట డాక్టర్లుగా నున్న మా పూర్వవిద్యార్థులను కొందఱిని అడిగి, కొంత మేమును చదివి, ఆయనకు జవాబు వ్రాసితిమి. మా విద్యార్థుల బంధువులలో అనేకులకు ఇట్టి సందేహమే కలుగుచుండుటచే ఆ విషయమునే కొంచెము విస్తరించి ఇచ్చట ప్రకటించుచున్నాము.

మొట్టమొదట తెలియవలసినది ఆ దేశపు పద్ధతి. మనదేశమున ఇంటర్మీడియెటు ముగించి, నీట్ పరీక్షలో తగిన ర్యాంకు వచ్చినవాడు నేరుగా ఎం.బి.బి.యస్. తరగతిలో కూర్చుండును. నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరపు హౌస్‌సర్జన్ పని ముగిసినచో డాక్టరగును. అమెరికాలో నట్లు కాదు. అచ్చట ముందు నాలుగేండ్లు చదివి బి.ఏ. గాని బి.యస్. గాని పట్టము పొందవలయును. అటుపిమ్మట వైద్యకళాశాలకు వేఱుగా దరఖాస్తు పెట్టుకొనవలయును. అచ్చట మఱి నాలుగేండ్లు. ఆ తరువాత ఆసుపత్రిలో రెసిడెన్సీ యనబడు శిక్షణము, శాఖనుబట్టి మూడేండ్లు మొదలు ఏడేండ్ల వఱకు. ‘ప్రీమెడ్’ అని అందఱును చెప్పుకొనునది ఈ మొదటి నాలుగేండ్ల కాలమునే. అది యొక పట్టము కాదు, ఒక శాఖయు కాదు. జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము, గణితము, ఇంగ్లీషు మొదలగు కొన్ని నియమిత పాఠములు ముగించినచో విద్యార్థి చరిత్రలో పట్టము పుచ్చుకొన్నను వైద్యకళాశాల ఆక్షేపింపదు.

ఈ యేర్పాటు మొదటినుండి యున్నది కాదు. మన గుంటూరులో ఆసుపత్రి స్థాపించిన డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారు ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో 1879 లో పట్టము పొంది 1883 లో ఈ దేశమునకు వచ్చిరి. ఆ కాలమున అచ్చటి వైద్యకళాశాలలు బి.ఏ. లేకయే విద్యార్థులను చేర్చుకొనుచుండెడివి. 1893 లో తెఱవబడిన జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాల బి.ఏ. పట్టము ముందుగా నుండి తీరవలెనని నియమము పెట్టినది. ఆ కళాశాల తెఱచుటకు ధనము చాలక నిలిచిపోగా, మేరీ గారెట్ అను నామె కావలసిన సొమ్మిచ్చి రెండు షరతులు విధించెను: స్త్రీలను పురుషులతో సమానముగా చేర్చుకొనవలెను, ప్రవేశార్హత ఉన్నతముగా నుండవలెను. పిమ్మట 1910 లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అను విద్యావేత్త దేశమందలి వైద్యకళాశాలల నన్నిటిని చూచి వ్రాసిన నివేదికతో నాసిరకపు కళాశాలలు అనేకము మూతపడినవి. హాప్కిన్స్ పద్ధతి దేశమంతటికి ఒరవడి యైనది.

మన పూర్వవిద్యార్థికి హాప్కిన్స్‌మీద కలిగిన గౌరవమునకు మూలము ఇదియే. ఆ గౌరవము యుక్తమే. కాని యాయన కుమార్తెకు వచ్చిన పత్రము ఆ వైద్యకళాశాలనుండి వచ్చినది కాదు. బి.యస్. విద్యార్థులు చదువునది హోమ్‌వుడ్ అను ఆవరణమున. పేరుగన్న ఆసుపత్రియు వైద్యకళాశాలయు నగరమునకు తూర్పుభాగమున కొన్ని మైళ్ల దూరమున నున్నవి. రెంటి నడుమ బస్సులు నడచును. ఆ బస్సెక్కి ఆసుపత్రికిపోయి పరిశోధనలో సాయపడవచ్చును, రోగులకు సేవ చేయవచ్చును. అది మేలే. అయినను నాలుగేండ్లు హోమ్‌వుడ్‌లో చదివినంతమాత్రమున ఆ వైద్యకళాశాలలో సీటు లభింపదు. ఆస్టిన్‌లోను ఇట్లే. అచ్చట డెల్ పేరిట వెలసిన వైద్యకళాశాల 2016 లో మొదటి తరగతిని చేర్చుకొన్నది. అదియు తన వాకిటనున్న బి.యస్. విద్యార్థులకు దారి విడిచిపెట్టి యుంచలేదు. అందుచేత ఈ కుటుంబము ఎంచుకొనుచున్నది వైద్యకళాశాలను కాదు, వైద్యకళాశాల వాకిటివఱకు పోవు బాటను.

ఆ వాకిట నిలిచినవారు ఏమి చూతురు? 2023 లో అమెరికా వైద్యకళాశాలలకు సుమారు 52,500 మంది దరఖాస్తు పెట్టిరి. చేరినవారు సుమారు 23,000 మంది. చేరినవారి మార్కుల సగటు నాలుగింటికి 3.77, ఎంక్యాట్ అను ప్రవేశపరీక్షలో సగటు 511.7. ఈ పరీక్షలో మిక్కిలి తక్కువ మార్కు 472, మిక్కిలి ఎక్కువ 528. ఏ కాలేజీవారికైనను పరీక్ష ఒక్కటే గనుక పెద్దపేరు గల చోట చదివినవారికి ఇందులో ఏ మినహాయింపును లేదు. మార్కుల సంగతి ఇంకను కఠినము. విజ్ఞానశాస్త్రముల మార్కులను వేఱుగా లెక్కింతురు. ఒకమాఱు తప్పి మరల చదివి మంచి మార్కు తెచ్చుకొన్నను పాతదియు లెక్కలో నిలిచియే యుండును. మొదటి సంవత్సరమున రసాయనశాస్త్రమున దెబ్బతిన్న విద్యార్థి ఆ మచ్చను మోసికొనుచునే నడువవలయును.

అందుచేత ఎచ్చట చదివిన నీ బిడ్డ బాగుగా చదువగలదు అనునది, ఏది గొప్ప విశ్వవిద్యాలయము అనుదానికంటె ముందు అడుగవలసిన ప్రశ్న. పేరునకు విలువయే లేదని మేము చెప్పము. పేరుగల చోట పరిశోధనకు అవకాశములు మెండు. సిఫారసు వ్రాయు ఆచార్యుని మాటకు బరువుండును. కాని పేరు తక్కువ మార్కును కప్పిపుచ్చునని నమ్మి వెళ్లినవారు చింతించినట్లు మా డాక్టరు మిత్రు లందఱును వ్రాసిరి.

ఇచ్చట కళాశాలలు ప్రకటించు శాతములనుగూర్చి ఒకమాట చెప్పవలసియున్నది. “మా విద్యార్థులలో నూటికి ఎనుబదిమందికి వైద్యకళాశాలలలో ప్రవేశము దొరకినది” అని ఒక కాలేజీవారు అచ్చువేసిరనుకొందము. చదువరులు కాగితము పెన్సిలు తీసికొని ఈ ఊహాలెక్క వేసిచూడుడు. మొదటి సంవత్సరమున డాక్టరు కాగోరినవారు 200 మంది. రసాయనశాస్త్రముల ధాటికి తాళలేక 120 మంది వేఱు దారులు పట్టిరి. మిగిలిన 80 మందిలో మార్కులు చాలని 30 మందికి కాలేజీ కమిటీ సిఫారసుపత్రము ఇయ్యలేదు. వారిలో అధికులు దరఖాస్తు మానుకొనిరి. పత్రము పుచ్చుకొన్న 50 మందిలో 40 మందికి ప్రవేశము దొరకెను. ఏబదికి నలువది యనగా నూటికి ఎనుబది. అబద్ధము లేదు, కాని రెండువందలకు నలువది యనగా నూటికి ఇరువదియే. అన్ని కాలేజీలును ఇట్లు చేయునని కాదు. కమిటీ పత్రము కొన్నిచోట్ల నుండును, కొన్నిచోట్ల నుండదు. కొందఱు అందఱికి నిత్తురు, కొందఱు ఏరి యిత్తురు. కావున శాతము చెప్పినవారిని “ఎందఱిలో?” అని అడుగుడు. క్షేత్రగణితము నేర్చిన మా పదవతరగతి బాలురు సయితము ఈ ప్రశ్న అడుగగలరు. పెద్దలు మాత్రము పెద్దపేరు చూచి అడుగ మఱతురు.

టెక్సాస్‌వారికి మఱియొక విశేషము కలదు. ఆ రాష్ట్రప్రభుత్వపు వైద్యకళాశాలలలో పరరాష్ట్రీయులు నూటికి పదిమందికి మించరాదని చట్టము. తక్కినవారందఱును టెక్సాస్ నివాసులే. తల్లిదండ్రులు అచ్చటనే యుండి, పిల్ల చదువుకొఱకు మాత్రమే బాల్టిమోర్ వెళ్లినచో ఈ హక్కు సామాన్యముగా పోదు. కాబట్టి “ఆస్టిన్‌లో చదివిననే టెక్సాస్ సీటు” అని తల్లి చెప్పిన వాదము నిలువదని మేము నిర్మొగమాటముగా వ్రాసితిమి. ఆమెకు కొంత కష్టము తోచినదని తరువాత వింటిమి.

ఇక ధనము. హాప్కిన్స్‌లో జీతమే ఏటికి అఱువదివేల డాలరులు దాటును. బస, భోజనములు కలిపిన నాలుగేండ్లకు మూడున్నర లక్షల ప్రాంతము. ఆస్టిన్‌లో రాష్ట్రనివాసికి అన్నియు కలిపి ఇంచుమించు అందులో మూడవవంతు పైచిలుకు. అయితే అచ్చువేసిన ధర అందఱును చెల్లించునది కాదు. 2018 లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ అను పూర్వవిద్యార్థి హాప్కిన్స్‌కు 180 కోట్ల డాలరులు బీద, మధ్యతరగతి విద్యార్థుల సహాయార్థమే ఇచ్చెను. తక్కువ ఆదాయము గలవారికి ఆ ఖరీదైన విశ్వవిద్యాలయమే చౌక కావచ్చును. ప్రతి విశ్వవిద్యాలయమును తమ కుటుంబము నిజముగా చెల్లింపవలసిన మొత్తమును ఉజ్జాయింపుగా తెలిసికొను సాధనమును ప్రకటింపవలెనని అచ్చట చట్టమున్నది. దానిని చూడక బెదరుటయు తప్పే, ఉబ్బుటయు తప్పే. నియమములు ఏటేట మాఱుచుండును గనుక ఆ యేటి లెక్క ఆ యేడే చూడవలయును. మన పూర్వవిద్యార్థి లెక్కచూడగా ఇరువురి జీతములు కలిపి సహాయమేమియు రాదని తేలినది.

అప్పుడు మేము ఆయనను అడిగినది ఇది: నరసరావుపేట స్థలము ఇప్పుడే అమ్మినచో, నాలుగేండ్ల తరువాత అసలైన వైద్యకళాశాల జీతమునకు ఏమి అమ్ముదురు? వారు నిర్ణయించుకొనిన పిమ్మట, 2025 జూలైలో, ఈ ప్రశ్నకు పదును పెరిగినది. 2026 జూలై 1 మొదలు క్రొత్తగా అప్పు పుచ్చుకొను వైద్యవిద్యార్థికి కేంద్రప్రభుత్వము ఏటికి 50,000 డాలరులకు, మొత్తము 2,00,000 డాలరులకు మించి ఋణమీయరాదని చట్టము చేసిరి. అనేక కళాశాలల ఖర్చు దీనిని దాటును. మొదటి నాలుగేండ్లలో ఇల్లు గుల్లచేసికొన్నవారు తరువాతి నాలుగేండ్లకు ప్రైవేటు బ్యాంకుల గుమ్మము తొక్కవలసివచ్చును.

చదువు సాగు తీరును గూర్చి. ఆస్టిన్‌లో బి.ఏ., బి.యస్. విద్యార్థులు నలువదివేలకు మించి యున్నారు. మొదటి సంవత్సరపు రసాయనశాస్త్ర తరగతిలో కొన్నివందలమంది కూర్చుందురు. ఆచార్యునికి పేరు తెలియవలెనన్న విద్యార్థియే పోయి పరిచయము చేసికొనవలయును. బిడియము గల పిల్లలకు ఇది కష్టము. దానికి విరుగుడుగా అచ్చట మొదటి సంవత్సరమునుండియే విద్యార్థులను పరిశోధనాగారమున ప్రవేశపెట్టు ఏర్పాటొకటి కలదు. హాప్కిన్స్‌లో విద్యార్థుల సంఖ్య తక్కువ, ఆచార్యులు దగ్గఱ. కాని ప్రక్కబల్లమీద కూర్చున్నవారిలో చాలమంది డాక్టరు కాదలచినవారే. అందఱును తమతమ హైస్కూళ్లలో మొదటివారే. ఆ పోటీలో కొందఱు వికసింతురు, కొందఱు వాడుదురు. ఇది ఏ పుస్తకమును చెప్పదు. రెండవ సంవత్సరపు విద్యార్థిని ఏకాంతమున అడిగి తెలిసికొనవలయును.

మన రాష్ట్రముననే చదువుచున్న బాలబాలికలకు ఒక హెచ్చరిక. ఇచ్చటినుండి విద్యార్థివీసామీద వెళ్లి అచ్చట ‘ప్రీమెడ్’ చదివి డాక్టరు కావచ్చునని చెప్పు ఏజెంట్లు కలరు. అచ్చటి వైద్యకళాశాలలలో చాలభాగము విదేశీయులను చేర్చుకొనవు. చేర్చుకొనునవి కొన్ని నాలుగేండ్ల జీతమును ముందుగా జమచేసి చూపుమనును. నాలుగేండ్ల పిదప చేతికి వచ్చు బి.యస్. పట్టముతో ఏ దేశమునను వైద్యము చేయ వీలులేదు. ఇల్లు తాకట్టుపెట్టుటకు ముందు ఈ మాట తల్లిదండ్రులు ఎఱుగవలెను.

ఇంతవఱకు తండ్రి, తల్లి, నాయనమ్మ, మేము మాటలాడితిమి. అమ్మాయి ఏమనుచున్నదని మేము రెండవ జాబులో అడిగితిమి. ఆమెయే తెలుగులో, కొన్ని అక్షరములు తప్పుగా, జవాబు వ్రాసినది. తనకు గణితమన్నను ఇష్టమేననియు, రెండేండ్లలో మనసు మాఱినచో నాన్నగారి స్థలము వృథా యగునని నిద్రపట్టుట లేదనియు, ఈ మాట ఇంట చెప్పుటకు భయముగా నున్నదనియు అందులో నుండెను. మేము ఆ యుత్తరమును ఆమె యనుమతితో తండ్రికి పంపితిమి.

ఏప్రిల్ 29 వ తేదీన ఆమె ఆస్టిన్‌కు సమ్మతి తెలిపినది. ఆగస్టులో చేరి, జీవశాస్త్రముతోపాటు గణితమును తీసికొన్నది. స్థలము అమ్మలేదు. తండ్రి మాత్రము హాప్కిన్స్ పేరు గల నీలిరంగు చొక్కా ఒకటి తెప్పించుకొని ఆదివారములు తోటపని చేయునపుడు తొడుగుకొనుచున్నారని నాయనమ్మగారు మొన్న మా పాఠశాలకు వచ్చినపుడు నవ్వుచు చెప్పిరి.