బొటనవేలి ఉంగరం.. నాన్న ప్రశ్న

మాది చీమకుర్తి. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పుట్టిల్లు. నాన్న జీవితమంతా పాలిషింగ్ యూనిట్‌లోనే గడిచింది. ఆ డబ్బుతోనే నేను ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా.

మొన్న నాన్న వస్తే సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లా. మ్యూజికల్ క్లాక్ చూసి మురిసిపోతారనుకున్నా. ఆయన మాత్రం జేడ్ వస్తువుల దగ్గర ఆగిపోయారు. అక్కడో రాతి ఉంగరం. దాని మీద షాజహాన్ బిరుదు ‘సాహిబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ’ అని చెక్కి ఉంది. తైమూర్ తర్వాత అంతటి అదృష్టజాతకుణ్ణి నేనే అని చెప్పుకోవడమన్నమాట.

‘‘ఇది వేలికెట్టా పెట్టుకుంటార్రా?’’ అన్నారు నాన్న.

అది సోకు కోసం కాదు, విల్లు కోసం. ఒలింపిక్స్‌లో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ మూడు వేళ్లతో వింటినారి లాగడం చూశాం కదా! మొగలులు, చైనావాళ్లు బొటనవేలితో లాగేవారు. వాళ్ల విల్లు ఉత్త కర్ర కాదు. చెక్కకి లోపలివైపు కొమ్ము, బయటివైపు జంతువుల నరాలు జిగురుతో అతికించేవారు. అంత బలమైన విల్లు లాగితే నారి వేలిని కోసేస్తుంది. అందుకే ఈ ఉంగరం. మొగలుల ఉంగరానికి ఒకవైపు నాలుకలా మొన ఉంటుంది. చైనాలో మంచూలది గొట్టంలా ఉంటుంది. చక్రవర్తి చియెన్‌లుంగ్‌కి ఈ ఉంగరాలంటే ఎంత మోజంటే, వాటి మీద కవితలు కూడా రాశాడు.

‘‘మరి దీన్ని ఉలితో చెక్కారా?’’

‘‘లేదు నాన్నా. జేడ్‌కి ఉక్కు ఆనదు. గట్టి ఇసుకపొడి, నీళ్లు వేసి రోజుల తరబడి అరగదీయాల్సిందే.’’

నాన్న కాసేపు మాట్లాడలేదు. ‘‘మాకు డైమండ్ బ్లేడ్లున్నాయి. పాపం వాళ్లకి ఇసుకేగా! లోపలివైపు కూడా ఎంత నున్నగా తీశాడో చూడు. రాజుగారి వేలు నొప్పెట్టకూడదని’’ అన్నారు. తర్వాత అడిగారు.. ‘‘చేసినోడి పేరెక్కడ రాశారు?’’

ఎక్కడా లేదు. రాజు బిరుదు మాత్రమే ఉంది.

మా ఊరి రాయి ఓడెక్కి చైనా దాకా పోతుంది. ఎవరింటి నేలో, ఏ హోటల్ గోడో అవుతుంది. దాని మీద కూడా నాన్న పేరుండదు.

ఇంటికొచ్చాక ఫోన్ తీసి చూశా. ఉంగరానివి పదకొండు ఫొటోలు. పని చేస్తున్న నాన్నది ఒక్కటీ లేదు. ఈ సంక్రాంతికి ఊరెళ్లి తీసే మొదటి ఫొటో ఆయన చేతులదే.