బిడ్డ రాకముందే సర్దుకోవలసిన సంచి

మన ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. బిడ్డ భూమ్మీద పడకముందు బిడ్డ కోసం ఏమీ కొనకూడదంటారు. కొంటే దిష్టి అంటారు. ఇటు బళ్ళారిలో గాని, అటు రాయదుర్గం, గుంతకల్లు వైపు గాని ఇదే మాట. కన్నడం మాట్లాడే మా ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఇదే విన్నాను. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. పురిట్లోనే బిడ్డలు పోవడం మామూలుగా ఉన్న రోజుల్లో, ముందే కుట్టి పెట్టిన చిన్న చొక్కా ఆ తల్లి కంటపడకూడదని పెద్దవాళ్లు అనుకుని ఉంటారు. అయితే కొనకూడదు అన్న మాట మెల్లగా ఏమీ సిద్ధం చేసుకోకూడదు అన్నట్టుగా మారిపోయింది. చిక్కు అక్కడ వచ్చింది.

నా సంగతే చెబుతాను. నా మెట్టినిల్లు బళ్ళారి, పుట్టిల్లు రాయదుర్గం దగ్గర పల్లె. 2006 ఏప్రిల్‌లో తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లాను. ఇంకా మూడు వారాలుందనగా ఒక రాత్రి నొప్పులు మొదలయ్యాయి. జీపు మాట్లాడుకుని దగ్గర్లోని ఆసుపత్రికి చేరాం. చేతిలో ఒక్క గుడ్డ లేదు. మా వారు బళ్ళారి నుంచి పరుగున వచ్చి, ఎదురుగా ఉన్న అంగట్లో పసిపిల్లల సామాను కావాలని అడిగారట. అంగడివాడు ఇచ్చినవి ఇవి: జరీ అంచు నైలాను గౌను, పాలసీసా, పౌడరు డబ్బా, సబ్బు, గిలక. ఆ రోజుల్లో మాకు తక్కువ డబ్బేమీ కాదు. బిడ్డ పుట్టాక నర్సమ్మ బయటికి వచ్చి, "మెత్తటి పాత నూలు గుడ్డ ఒక్కటైనా తేలేదామ్మా?" అని మా అమ్మను అడిగింది. అమ్మ కట్టుకున్న చీర బస్సుల్లో, జీపుల్లో దుమ్ము పట్టినది. పక్క మంచం మీది పెద్దావిడ తన సంచిలోంచి ఉతికిన పంచె ఒకటి తీసి ఇచ్చింది. అప్పటికే నా బిడ్డ పాదాలు చల్లబడి ఉన్నాయి. నర్సమ్మ బిడ్డను తుడిచి, బట్టలేమీ లేకుండా నా రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, పైన ఆ పంచె కప్పింది. కాసేపటికి కాళ్లు వెచ్చబడ్డాయి. బయట ఏప్రిల్ ఎండలు మండిపోతున్నాయి. ఎండాకాలంలో బిడ్డకు చలేమిటని చాలామంది అనుకుంటారు. తల్లి కడుపులోని వెచ్చదనం నుంచి తడి ఒంటితో బయటపడ్డ బిడ్డకు, తిరుగుతున్న ఫ్యాను కింద ఏ కాలమైనా చలికాలమే.

కాబట్టి అన్నిటికన్నా ముందు పాత గుడ్డలు. వీటిని కొననక్కరలేదు. కొనడం లేదు కనక దిష్టి మాటా లేదు! అమ్మమ్మలు, తాతలు కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు, పంచెలు ఏడో నెలలోనే తీసి పెట్టుకోండి. ఐదున్నర మీటర్ల చీరను మీటరు చొప్పున చింపితే ఐదు పొత్తిగుడ్డలు వస్తాయి. అలాంటివి పది, పన్నెండు ఉండాలి. చిన్న చతురపు గుడ్డలు, అంటే కింద కట్టేవి, రెండు డజన్లకు తగ్గకూడదు. వానాకాలం కాన్పయితే అవి కూడా చాలవు, ఆరవు కదా. వాటిని సబ్బుతో ఉతికి, బాగా జాడించి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, శుభ్రమైన సంచిలో కట్టి పెట్టండి. ఇక్కడొక జాగ్రత్త. ట్రంకుపెట్టెల్లో కలరా ఉండలు వేసి దాచిన గుడ్డలను అలాగే బిడ్డకు చుట్టకండి. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీను కొందరు పసిపిల్లల్లో రక్తకణాలను విరిచి, కామెర్లు ముదిరేలా చేస్తుంది. కొందరికి ఆ లోపం పుట్టుకతోనే ఉంటుంది, పైకి చూస్తే తెలియదు. ఉతికి ఎండబెట్టాక మళ్లీ ఆ పెట్టెలో పెట్టొద్దు.

తలకు ఒక నూలు కుల్లాయి, కాళ్లకు మేజోళ్లు కావాలి. బిడ్డ ఒంటితో చూస్తే తల పెద్దది, వేడి అక్కడినుంచే ఎక్కువ పోతుంది. కుల్లాయి తడిస్తే వెంటనే మార్చండి.

ఇక పాలసీసా సంగతి. సీసా కొనకండి. పాలడబ్బాలకూ సీసాలకూ వ్యాపార ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని మరింత గట్టిపరిచారు. చట్టం దాకా వచ్చిందంటే కారణం ఉండాలి కదా. రబ్బరు పీక లోపల పేరుకున్న పాలు ఎంత కడిగినా పోవు, విరేచనాలు అక్కడే మొదలవుతాయి. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదు, మన బళ్ళారి ఎండలకైనా సరే. బిడ్డ బరువు తక్కువై రొమ్ము పట్టలేకపోతే, పిండిన తల్లిపాలు పట్టడానికి మన ఉగ్గుగిన్నె ఉంది. కన్నడంవాళ్లు ఒళలె అంటారు, అరవంవాళ్లు పాలాడై అంటారు. మూడు భాషల్లో మూడు పేర్లున్నాయి, మూడిళ్లలోనూ అది అటక మీదే ఉంది! దాన్ని దించి, తోమి, నీళ్లలో మరిగించి సంచిలో వేసుకోండి.

పౌడరు వద్దు, పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్రైపు వాటరు వద్దు. తేనె నాకించడం ఏడాది నిండేదాకా వద్దు. బొడ్డు మీద పసుపు, విభూతి, నూనె ఏదీ పెట్టవద్దు, పొడిగా వదిలేస్తే తానే రాలిపోతుంది. కాటుకలో సీసం ఉండవచ్చు, కంటికి పెట్టకండి. దిష్టిచుక్క పెట్టి తీరాలంటారా, పొత్తిగుడ్డ అంచుకు పెట్టండి. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు, తరువాత ఆవిడే చుట్టాలకు చెప్పడం మొదలుపెట్టారు.

కొనవలసినవి నిజంగా కొన్నే. ఒక థర్మామీటరు, బిడ్డ పడుకునే చోటికి దోమతెర, బాలింతకు పెద్ద ప్యాడ్లు, ముందువైపు హుక్కులున్న రవికెలు. ఉయ్యాల, గౌన్లు, బొమ్మలు పేరు పెట్టే రోజు చుట్టాలే తెస్తారు.

ఈ సంచిలో ఇంకొకటి ఉండాలి. సరిహద్దు జిల్లాల వాళ్లకు అదే అన్నిటికన్నా ముఖ్యం. కాగితాలు. నా పరీక్షల కార్డు బళ్ళారిలో బీరువాలో ఉండిపోయింది. నా రక్తం ఏ గ్రూపో, ఎప్పుడు ఏ సూది వేశారో చెప్పడానికి ఆ రాత్రి ఎవరికీ ఆధారం లేదు. అన్ని పరీక్షలూ మళ్లీ చేశారు. మనలో ఎందరికో మెట్టినిల్లు ఒక రాష్ట్రం, పుట్టిల్లు మరో రాష్ట్రం. కర్ణాటకలో ఇచ్చిన తాయి కార్డు పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరల కన్నా ముందు సర్దుకోవాలి. వెళ్లిన వారంలోనే అక్కడి ఆశా కార్యకర్తకో, నర్సమ్మకో చూపించి పేరు రాయించుకోవాలి. హోసూరు వైపు వెళ్లేవారు మరీ గుర్తుంచుకోండి, తమిళనాడులో గర్భం నమోదు చేసి ఇచ్చే పిక్మి నంబరును జనన ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు అడుగుతారు. కార్డుతో పాటు ఆధారు నకలు, తల్లి పేరున్న బ్యాంకు పుస్తకం నకలు పెట్టండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు, ఆపరేషనుకు, మందులకు, రక్తానికి, అక్కడి భోజనానికి డబ్బు కట్టనక్కరలేదు. ఈ సంగతి తెలిసి ఉంటే ఎవరైనా అడిగినప్పుడు తడబడరు.

బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊళ్లోనే పుట్టుక నమోదవుతుంది. మా వారు మున్సిపల్ ఆఫీసు చుట్టూ రెండుసార్లు తిరిగారు, అదీ బళ్ళారిలో! 21 రోజులలోపు నమోదుకు రుసుం లేదు. పేరు ఇంకా పెట్టలేదని ఆగకండి. పేరు లేకుండానే రాయించవచ్చు, ఏడాదిలోపు ఉచితంగా చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. ప్రతి జూన్‌లో నా బల్ల ముందు నిలబడే తల్లిదండ్రుల్లో, తల్లి పేరు కార్డులో ఒక రకంగా, పత్రంలో మరో రకంగా ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. తెలుగు పేరును కన్నడంలోనో తమిళంలోనో విని రాసుకునేటప్పుడు అక్షరాలు మారిపోతుంటాయి. అందుకని తల్లి పేరు, తండ్రి పేరు ఆధారులో ఎలా ఉన్నాయో అలాగే ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆ కార్డుకే పిన్నుతో గుచ్చి పెట్టండి. రాసుకునేవారి చేతికి ఆ చీటీయే ఇవ్వండి.