శబ్దార్థ విచారము - న్యాయ నిర్ణయము : విదేశ విశ్వవిద్యాలయ వినిమయాధ్యయనము

వాక్యమును ప్రధానముగా ఆశ్రయించిన శాస్త్రములలో భాషాశాస్త్రము, న్యాయశాస్త్రము ముఖ్యమైనవి. వాక్యము ఎట్లేర్పడునో, దానికి అర్థ మెట్లు సిద్ధించునో మొదటిది విచారించును. సిద్ధించిన అర్థమును బట్టి ఎవరికి హక్కు కలుగునో, ఎవరికి దండనము విధింపవలయునో రెండవది నిర్ణయించును. ఆధునిక విశ్వవిద్యాలయములందు ఈ రెండును వేర్వేరు శాఖలైనవి. ఒక శాఖ విద్యార్థి మరియొక శాఖలో ప్రవేశించుట సులభము కాదు. ఐరోపా ఖండమున గత నాలుగు దశాబ్దులుగా వ్యాపించిన విద్యార్థి వినిమయ విధానము ఈ అవరోధమును కొంతవరకు తొలగించినది. ఆ విధాన స్వరూపమును, అందు బోధింపబడు విషయములను, వానికి మన వాక్యార్థ సంప్రదాయముతో గల సంబంధమును నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశము.

పూర్వరంగము

విద్యార్థులు పరదేశమునకు పోయి న్యాయశాస్త్రము చదువుట ఐరోపాలో నూతన విషయము కాదు. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయమునకు 1088ను ఆరంభ సంవత్సరముగా సంప్రదాయము చెప్పుచున్నది. అచ్చట రోమన్ ధర్మసంహితలకు వ్యాఖ్యానము లారంభించిన ఇర్నేరియస్ మొదట వ్యాకరణాది కళలను బోధించినవాడని ప్రసిద్ధి. ఆయనయు, ఆయన శిష్యపరంపరయు జస్టీనియన్ చక్రవర్తి సంహితల పంక్తుల నడుమను, అంచులందును పదవివరణములు వ్రాసిరి. మన టిప్పణి, టీకా సంప్రదాయము నెరిగినవారికి ఈ పద్ధతి అపరిచితముగా తోచదు. పదమునకు అర్థము చెప్పుటతో ఆరంభమైన ఆ కృషి పాశ్చాత్య న్యాయశాస్త్రమునకు పునాది యైనది.

ఆల్ప్స్ పర్వతములకు ఆవలినుండి వచ్చిన విద్యార్థులకు బొలోన్యాలో రక్షణ కొరవడి యుండెను. ఒక దేశీయుడు అప్పు తీర్పకున్నచో అదే దేశమునుండి వచ్చిన విద్యార్థి సొత్తును పట్టుకొనుట ఆనాటి ఆచారము. ఫ్రెడెరిక్ బార్బరోసా చక్రవర్తి 1155లో ‘హబీతా’ అను శాసనముచే దీనిని నిషేధించెను. విద్యార్థిపై అభియోగము వచ్చినచో తన ఆచార్యుని యెదుటనో, బిషప్పు యెదుటనో విచారణ కోరుకొను హక్కును గూడ ఇచ్చెను. విద్యార్థ మేగినవానికి చట్టరక్షణ కల్పించిన ఈ శాసనము నేటి వినిమయ విధానములకు దూరపు పూర్వగామి.

వినిమయ విధానము

డచ్చి పండితుడు ఎరాస్మస్ పేరిట ఐరోపా సమాజము 1987లో ఒక పథకము నారంభించినది. తొలి సంవత్సరమున 11 దేశములనుండి 3,244 మంది విద్యార్థులు ఇందు పాల్గొనిరి. 1999లో 29 దేశముల విద్యామంత్రులు చేసిన బొలోన్యా ప్రకటన తరువాత పట్టముల స్థాయీక్రమము గూడ సన్నిహితమైనది. 2015 నుండి భారతదేశముతో సహా ఐరోపాకు వెలుపలి దేశముల విశ్వవిద్యాలయములకును ఈ పథకమున చోటు లభించినది.

వినిమయ విద్యార్థి తన విశ్వవిద్యాలయమున నమోదై యుండియే ఒక అర్ధసంవత్సరమో, పూర్ణ సంవత్సరమో అన్యదేశమున చదువును. అచ్చట బోధన రుసుము చెల్లింపనక్కరలేదు. విద్యార్థి, స్వీయ విశ్వవిద్యాలయము, ఆతిథ్య విశ్వవిద్యాలయము ముందుగానే ఒక అధ్యయన ఒప్పందముపై సంతకము చేయుదురు. ఏ పాఠములు చదువవలయునో, అవి స్వదేశమున వేనికి సమానములుగా గ్రహింపబడునో అందు స్పష్టము చేయుదురు. 1989లో ప్రయోగాత్మకముగా ఏర్పడిన క్రెడిట్ల పద్ధతి దీనికి ఆధారము. పూర్ణ సంవత్సరమునకు 60 క్రెడిట్లు. తరగతి, పఠనము, రచన, పరీక్ష అన్నియు కలిపి 25 నుండి 30 గంటల శ్రమకు ఒక క్రెడిట్టు. ఆచార్యుడు ఎంత బోధించెనని గాక, విద్యార్థి ఎంత శ్రమించెనని గణించుట ఇందలి విశేషము.

పాఠ్యవిషయములు

భాషా న్యాయ శాస్త్రముల సంధిస్థానమున ముఖ్యముగా మూడు విభాగములు కలవు. మొదటిది న్యాయభాషా పరిశీలనము. చట్టపు భాషలో వాక్యములు దీర్ఘములగుటకును, పర్యాయపదములు జంటలుగా వచ్చుటకును, లాటిన్ పదములు నిలిచి యుండుటకును గల చారిత్రక కారణములను ఇది విచారించును. ఫిన్లండులోని లాప్లండ్ విశ్వవిద్యాలయమున న్యాయభాషా ఆచార్యుడుగా పనిచేసిన హెయిక్కి మత్తిలా తులనాత్మక దృష్టితో ఈ విషయమున సమగ్ర గ్రంథము రచించెను.

రెండవది బహుభాషా శాసన విచారము. ఐరోపా సమాజమున 1958లో నాలుగు భాషలు అధికార భాషలు కాగా, 2013 నాటికి వాని సంఖ్య 24కు చేరినది. ఇచ్చట ఒక భాషలోని పాఠము మూలమనియు, తక్కినవి అనువాదములనియు చెప్పరాదు. ప్రతి పాఠమును సమానముగా ప్రమాణమే. మరి పాఠములు భేదించినచో గతి యేమి? 1969 నాటి స్టాడర్ వ్యాజ్యము దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. సాంఘిక సహాయము పొందువారికి తక్కువ వెలకు వెన్న విక్రయింపవలయునని ఒక ఉత్తరువు వెలువడెను. కొనువాడు చూపవలసిన చీటిపై అతని పేరుండవలయునని జర్మను పాఠముతో సహా రెండు పాఠములు చెప్పినవి. ఆ వ్యక్తికి సంబంధించిన చీటి చాలునని తక్కిన రెండు పాఠములు తెలిపినవి. అంగడివాని యెదుట తన పేరు వెల్లడించి సహాయార్థినని చాటుకొనుట అవమానకరమని ఉల్మ్ నగరవాసి యొకడు న్యాయస్థానము నాశ్రయించెను. ఒక భాషాపాఠమును విడిగా గ్రహింపరాదనియు, ఉత్తరువు ప్రయోజనమునకు చాలినంతలో వ్యక్తికి తక్కువ భారము కలిగించు అర్థమునే గ్రహింపవలయుననియు న్యాయస్థానము నిర్ణయించెను. సమాజ శాసనమునకు అర్థము చెప్పునపుడు వివిధ భాషాపాఠములను పోల్చి చూడవలయునని 1982లో చిల్ఫిట్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము స్పష్టము చేసెను.

మూడవది నేరపరిశోధన భాషాశాస్త్రము. లండనులో తన బిడ్డను చంపెనను అభియోగముపై టిమొతీ ఎవాన్సు 1950లో ఉరితీయబడెను. అదే ఇంట నివసించిన క్రిస్టీ పలు హత్యలు చేసినట్లు 1953లో బయటపడెను. 1966లో ఎవాన్సుకు మరణానంతర క్షమాపణ లభించెను. ఎవాన్సు ఇచ్చినట్లు పోలీసులు నమోదు చేసిన వాఙ్మూలములలో వాక్యరచన అంతటను ఏకరీతిగా లేదని 1968లో జాన్ స్వార్త్విక్ నిరూపించెను. ఈ శాస్త్రమునకు ఆ పరిశీలనమే ఆరంభమని చెప్పుదురు.

డెరెక్ బెంట్లీ వ్యాజ్యము మరింత బోధకము. 19 ఏండ్ల ఈ యువకుడు 1953 జనవరి 28న ఉరితీయబడెను. అతని వాఙ్మూలము ప్రశ్నలు లేకుండ అతడు చెప్పగా యథాతథముగా వ్రాసినదని పోలీసులు ప్రమాణము చేసిరి. అందలి 582 పదములలో ‘తరువాత’ అను అర్థముగల ఆంగ్లపదము పదిమారులు వచ్చినదని మాల్కం కూల్తార్డ్ గణించెను. సంఖ్యకంటె స్థానము ముఖ్యము. సామాన్యులు ‘అప్పుడు నేను’ అను క్రమమున మాటాడుదురు; ఆ వాఙ్మూలమున పలుచోట్ల ‘నేను అప్పుడు’ అను క్రమము కనబడినది. ఇది ఆనాటి పోలీసు వ్రాతకు సహజమైన రీతి. 1998లో అప్పీలు న్యాయస్థానము బెంట్లీ శిక్షను రద్దు చేసెను. రద్దునకు ప్రధాన హేతువు తొలి విచారణలో న్యాయాధిపతి జ్యూరీకి చేసిన ఉపదేశమందలి దోషములే గాని భాషావిశ్లేషణము కాదు. అయినను ఒక పదము వాక్యమున ఎచ్చట నిలిచినదను ప్రశ్న మనిషి ప్రాణముతో ముడిపడగలదని ఈ వ్యాజ్యము తెలుపుచున్నది.

మీమాంసా దృష్టి

ఈ విషయములు ప్రాచ్యవిద్యార్థికి పూర్తిగా కొత్తవి కావు. మీమాంసకు వాక్యశాస్త్రమని పేరు. శ్రుతి, లింగ, వాక్య, ప్రకరణ, స్థాన, సమాఖ్యలు విరోధించినచో ముందుదే బలీయమని జైమిని నిర్ణయము. సోమపాత్రను తుడువవలయునని ఏకవచనమున విధించినను, అచ్చట ఏకత్వము వివక్షితము కాదనియు, పాత్ర లన్నింటిని తుడువవలయుననియు గ్రహైకత్వ న్యాయము బోధించును. 1897 నాటి భారత సాధారణ నిబంధనల చట్టము 13వ విభాగమున, విరుద్ధమైన సందర్భము లేనప్పుడు ఏకవచనము బహువచనమును గూడ గ్రహించునని చెప్పుట దీనితో పోల్చదగినది. కిశోరీలాల్ సర్కార్ 1905లో చేసిన టాగూర్ న్యాయోపన్యాసములందు మీమాంసా న్యాయములు హిందూ ధర్మశాస్త్రమున ఎట్లన్వయించునో విస్తరించి చూపెను.

బహుభాషా శాసనములకు అన్నిటికంటె సన్నిహితమైనది సర్వశాఖాప్రత్యయ న్యాయము. వేర్వేరు శాఖలందు పఠింపబడినను కర్మ ఒక్కటే యని ఇందు సిద్ధాంతము. అట్లే 24 భాషలందు ప్రకటింపబడినను శాసన మొక్కటే. కాని సామ్యము కొంతవరకే. మీమాంసకుడు శాఖాంతరమున చెప్పిన గుణములను ఉపసంహరించి కర్మస్వరూపమును పూరించును. న్యాయాధిపతి అన్ని పాఠములకు పొసగు అర్థమును వెదకును. వేదము అపౌరుషేయము గనుక అచ్చట కర్తృతాత్పర్యమను ప్రశ్న లేదు. శాసనము పౌరుషేయము గనుక శాసనకర్తల ఉద్దేశము విచారణీయము. ఈ భేదమును గుర్తింపక సామ్యమును మాత్రమే చాటుట శాస్త్రమునకు మేలు చేయదు.

తెలుగుతో సంబంధము

భాషా ధర్మ శాస్త్రములను ఒకేచోట బోధించుట తెలుగువారి చరిత్రలోను కలదు. 1812లో మద్రాసున నెలకొన్న సెంట్ జార్జి కోట కళాశాలలో కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలును, స్వదేశీయులకు ధర్మశాస్త్రమును నేర్పిరి. హిందూ ధర్మశాస్త్రమున కృషి చేసిన ఎల్లిస్, పట్టాభిరామశాస్త్రి సంకలనము చేసిన ధాతుపట్టికను ఆధారముగా గొని, తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో ప్రతిపాదించెను.

నేటి అవసరము వేరు. రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము రాష్ట్రశాసనము తెలుగున చేయబడినను, గవర్నరు అధికారముతో ప్రకటితమైన ఆంగ్లపాఠమే ప్రామాణికమగును. కేంద్రచట్టముల విషయమున 1973 నాటి చట్టముచే ప్రాంతీయ భాషాపాఠమునకును ప్రామాణ్యము కలిగినది. ఆ తెలుగు పాఠములు ఆంగ్లపు వాక్యమునకు నీడలుగా మిగిలినచో పౌరునికి తన చట్టము తన భాషలో లభించినట్లు కాదు. ఉభయశాస్త్రములు తెలిసినవారు తగినంతమంది లేని లోటు ఇచ్చటనే బాధించును.

ఉపసంహారము

వినిమయమున చదువగోరు విద్యార్థి మూడు విషయములు గమనింపవలయును. ఆతిథ్యదేశ చట్టమును ఆ దేశభాషలోనే చదువవలసి యుండవచ్చును గనుక భాషాశిక్షణము ముందే పొందవలయును. సమానత్వ నిర్ణయము ప్రయాణమునకు పూర్వమే లిఖితరూపమున ఉండవలయును. పరదేశ న్యాయాధ్యయనము స్వదేశమున న్యాయవాద వృత్తికి దానంతట అర్హత నీయదని యెరుగవలయును.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021లో క్రెడిట్ల నిధి నియమములను, 2022లో విదేశ సంస్థలతో సహకార నియమములను వెలువరించినది. ప్రాచ్య కళాశాలలు వ్యాకరణ, మీమాంసా పాఠములకు క్రెడిట్ల విలువను, ఇతర శాస్త్రములందు వాని ఉపయోగమును స్పష్టముగా వ్రాసి యుంచినచో వాక్యార్థ విచారమున తేరిన విద్యార్థి ఈ మార్గమున రిక్తహస్తుడై పోనక్కరలేదు. అతడు నేర్చుకొనుటకే గాక, నేర్పుటకును కొంత గొనిపోగలడు.