రోగి పక్కన పూలు ఉంచవచ్చా?

ఒక అమ్మాయి సంగతి అనుకుందాం. ఎనిమిదో తరగతి చదువుతోంది. వాళ్ల అమ్మమ్మకు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడితే ఆపరేషన్ చేశారు. ఆపరేషనయిన మూడో రోజున ఆ అమ్మాయి పెరట్లో పూసిన చామంతులు కోసి, ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఖాళీ హార్లిక్స్ సీసాలో నీళ్లు పోసి మంచం పక్కన పెట్టింది. రెండు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడని అమ్మమ్మ కళ్లు విప్పి చూసి, "మన పెరట్లోవేనా?" అని అడిగి నవ్వింది. పక్క మంచం మీది ఆమె కూడా ఒక పువ్వు అడిగి తీసుకుంది. ఇద్దరూ మాటల్లో పడ్డారు.

ఇంతలో చూడవచ్చిన పెద్దాయన ఒకరు సీసా వైపు చూసి, "రాత్రిపూట రోగి దగ్గర పూలు ఉంచకూడదమ్మా! గదిలోని ప్రాణవాయువంతా అవే పీల్చేసుకుంటాయి. తీసి బయట పెట్టు" అన్నారు.

ఆ అమ్మాయి ఏం చేయాలి? పూలు అక్కడే ఉంచితే అమ్మమ్మకు హాని కలుగుతుందా? తీసివేస్తే ఆ నవ్వు పోతుందా? ఇటువంటి మాట మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఇందులో నిజమెంతో శాస్త్రదృష్టితో పరిశీలిద్దాం.

పువ్వుకూ ఊపిరి ఉంది

పెద్దాయన మాటలో కొంత నిజం లేకపోలేదు. కొమ్మ నుంచి కోసినంత మాత్రాన పువ్వు చనిపోదు. దానిలోని కణాలు బతికే ఉంటాయి. బతికి ఉన్న ప్రతి కణమూ శ్వాసించవలసిందే. అంటే ప్రాణవాయువును తీసుకుని, నిలవ ఉన్న చక్కెరను నెమ్మదిగా దహించి శక్తిని పొంది, బొగ్గుపులుసు వాయువును విడిచిపెట్టాలి. కోసిన పువ్వు వాడిపోవడానికి ఒక కారణం ఈ చక్కెర తరిగిపోవడమే.

ఆకుల సంగతి వేరు. వాటిలో పత్రహరితం ఉంటుంది. పగటి వెలుగులో అవి కిరణజన్య సంయోగక్రియ జరిపి, తాము శ్వాసక్రియలో వాడుకునే దానికంటె ఎక్కువ ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రివేళ ఆ పని ఆగిపోతుంది, శ్వాసక్రియ మాత్రం సాగుతుంది. "రాత్రిపూట చెట్టు కింద పడుకోరాదు" అనే మాట ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది.

కాని పూల రేకులలో పత్రహరితం దాదాపు ఉండదు. కనుక అవి రాత్రీ పగలూ శ్వాసిస్తూనే ఉంటాయి. రాత్రి హాని చేసేవే అయితే పగలు కూడా హాని చేయాలి కదా! పగలు ఉంచవచ్చుననీ, రాత్రి ఉంచకూడదనీ అనడం పూల విషయంలో ఎలాగూ పొసగదు.

లెక్క వేసి చూద్దాం

అయినా, పూలు ఎంత ప్రాణవాయువును తీసుకుంటాయి? ప్రశ్న "ఎంత?" దగ్గరకు వచ్చినప్పుడు లెక్క వేయడమే మంచి పద్ధతి.

కదలకుండా పడుకున్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకుంటాడు. అంటే గంటకు 15 లీటర్లు. ఎనిమిది గంటల రాత్రికి 120 లీటర్లు.

100 గ్రాముల బరువున్న పూలగుత్తి ఎంత వేడి రోజైనా గంటకు 100 మిల్లీలీటర్ల కంటె ఎక్కువ తీసుకోదు. మామూలుగా ఇంకా చాలా తక్కువే. పోనీ, 100 మిల్లీలీటర్లనే అనుకుందాం. రాత్రంతా కలిపి 0.8 లీటరు అవుతుంది.

ఇప్పుడు గది సంగతి చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న చిన్న గదిలో సుమారు 28,000 లీటర్ల గాలి ఉంటుంది. అందులో ప్రాణవాయువు దాదాపు ఐదోవంతు, అంటే 5,900 లీటర్లు. పైగా తలుపు సందుల నుంచీ, కిటికీల నుంచీ కొత్త గాలి వస్తూనే ఉంటుంది. ఇందులో 0.8 లీటరు తగ్గితే రోగికి ఏమవుతుంది? ఏమీ కాదు.

మరొక తమాషా చూడండి. ఆ పూలు రాత్రంతా పీల్చే ప్రాణవాయువును, వాటిని తీసివేయమని చెప్పడానికి వచ్చిన పెద్దాయన నాలుగు నిమిషాలలోపే పీల్చేస్తారు!

ఈ సంగతిని చాలా కాలం క్రితమే ఒకామె గట్టిగా చెప్పింది. ఆమె ఫ్లారెన్స్ నైటింగేల్. క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేసి, ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఆమె పేరు మీరు పాఠాలలో చదివే ఉంటారు. 1859లో వెలువడిన తన నర్సింగ్ పుస్తకంలో, రాత్రివేళ పూలు విడిచే బొగ్గుపులుసు వాయువు గురించిన భయం వట్టిదని ఆమె తేల్చివేసింది. జ్వరంతో మగ్గుతున్న రోగులు రంగురంగుల పూలగుత్తిని చూసి ఎంత సంతోషించేవారో కూడా వివరించింది. తాను జబ్బుపడినప్పుడు ఎవరో అడవిపూలు పంపారనీ, అప్పటి నుంచి తాను త్వరగా కోలుకున్నాననీ రాసింది.

అసలు జాగ్రత్త నీటి విషయంలో

అయితే పూల వల్ల ఏ ఇబ్బందీ లేదని తొందరపడి తీర్మానించవద్దు. గాలిని గురించి భయపడుతూ మనం పట్టించుకోనిది మరొకటి ఉంది. అది సీసాలోని నీరు.

కోసిన కాడ నుంచి చక్కెరలు, ఇతర పదార్థాలు నీటిలోకి ఊరుతాయి. నీటిలో మునిగిన ఆకులు కుళ్లుతాయి. సూక్ష్మజీవులకు ఇది పెద్ద విందు. రెండు మూడు రోజులలో నీరు మసకబారి, వాసన కొడుతుంది. ఆసుపత్రి పూలకుండీల నీటిలో, రోగాలు కలిగించగల బాక్టీరియాలు కోట్ల సంఖ్యలో పెరుగుతున్నట్లు 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. దానితో అనేక ఆసుపత్రులు పూలను అనుమానంగా చూశాయి.

తరువాత ఏం తేలింది? అమెరికాలోని వ్యాధుల నియంత్రణ, నివారణ కేంద్రం 2003లో ఇచ్చిన సూచనల ప్రకారం, మామూలు రోధకశక్తి ఉన్న రోగుల వార్డులలో పూలను నిషేధించనక్కరలేదు. నీటిని రెండు రోజులకొకసారి మార్చాలి. ఆ నీటిని రోగికి దూరంగా పారబోయాలి. రోగిని ముట్టుకునే నర్సులు కాక వేరేవారు ఈ పని చేయడం మంచిది. రోధకశక్తి బాగా తగ్గినవారి గదులలో మాత్రం పూలు ఉండరాదు. కాలిన గాయాల వార్డులలోనూ, ఐ.సి.యు.లలోనూ చాలా ఆసుపత్రులు పూలను రానివ్వవు. ఆయాసం ఉన్నవారికి ఘాటైన వాసన పూలు పడకపోవచ్చు. కనుక ముందుగా అక్కడి సిస్టర్‌ను అడగడం తప్పనిసరి.

కిటికీ చెప్పిన సంగతి

హాని లేదని తెలిసింది. మరి మేలు ఉందా? అమ్మమ్మ నవ్వింది కదా అంటే చాలదు. శాస్త్రజ్ఞులు కొలతలు అడుగుతారు.

రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులను తిరగవేశాడు. 1972 నుంచి 1981 వరకు అక్కడ పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మందిని ఎంచుకున్నాడు. వారిలో 23 మంది గదుల కిటికీలోంచి చెట్లు కనబడేవి. మిగతా 23 మందికి ఇటుక గోడ కనబడేది. తక్కిన విషయాలలో రెండు జట్లవారూ దాదాపు ఒకటే. చెట్లు కనబడినవారు ఆపరేషన్ తరువాత సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు. గోడ కనబడినవారికి 8.70 రోజులు పట్టింది. చెట్లు కనబడినవారికి తీవ్రమైన నొప్పి మందులు కూడా తక్కువే అవసరమయ్యాయి. ఈ పరిశోధన 1984లో సైన్స్ పత్రికలో అచ్చయింది.

తరువాత కొరియాలో అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్న 90 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు గదులలో పూలమొక్కల, ఆకుమొక్కల కుండీలు పెట్టారు. రెండో జట్టు గదులలో ఏమీ పెట్టలేదు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, మొక్కలున్న గదులవారు నొప్పి మందులు తక్కువ వాడారు. వారి రక్తపోటు, ఆందోళన, అలసట కూడా తక్కువగా కనబడ్డాయి.

కారణం ఏమై ఉంటుంది? నొప్పి అనేది గాయం దగ్గర ఒక్కచోటే జరిగే పని కాదు. నాడుల ద్వారా వచ్చిన సందేశాన్ని మెదడు గమనించినప్పుడే నొప్పి తెలుస్తుంది. ఆటలో మునిగి ఉన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా తెలియక, ఆట ఆగాక మంట పుట్టడం మీకు అనుభవమే. రోగి తెల్లగోడను చూస్తూ పడుకుంటే అతని ధ్యాసంతా నొప్పి మీదే. రంగు, ఆకారం, పరిమళం ఉన్న వస్తువు కంటి ముందుంటే ధ్యాస కొంత అటు మళ్లుతుంది. ఆందోళన తగ్గితే గుండె వేగమూ, రక్తపోటూ తగ్గుతాయి. అంతేగాని పువ్వు గాయాన్ని మాన్పదు. మందు పని మందుదే.

కళ్లు కూడా నవ్వే నవ్వు

ఫోటో తీసేటప్పుడు "నవ్వండి" అంటే నవ్వే నవ్వు ఒకటి. నిజంగా సంతోషం కలిగినప్పుడు వచ్చే నవ్వు వేరు. రెండో దానిలో పెదవులతోపాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుంది. ఈ తేడాను 1862లో డ్యుషేన్ అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు.

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నెట్ హావిలాండ్-జోన్స్, ఆమె సహచరులు ఈ నవ్వునే కొలబద్దగా తీసుకున్నారు. కొందరు స్త్రీల ఇళ్లకు బహుమతులు పంపారు. కొందరికి పూలు, కొందరికి పండ్లు, కొందరికి కొవ్వొత్తి. తలుపు తీసి బహుమతిని చూసిన తొలి క్షణాలలో ముఖం ఎలా ఉందో గమనించారు. పూలు అందుకున్న వారందరి ముఖాలలోనూ అసలైన నవ్వే కనబడింది. తక్కిన బహుమతులు అందుకున్న వారందరిలో అది కనబడలేదు.

మరొక పరీక్ష లిఫ్టులో చేశారు. ఎక్కినవారిలో కొందరికి ఒక పువ్వు, కొందరికి పెన్ను ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. పువ్వు అందుకున్నవారు తోటివారితో ఎక్కువగా కలిసిపోయారు. ఈ ఫలితాలు 2005లో వెలువడ్డాయి.

ఇక్కడ ఒక్క మాట. ఈ పరిశోధనకు సాయపడిన సంస్థ అమెరికాలోని పూల వ్యాపారుల సంఘం. అంతమాత్రాన ఫలితం అబద్ధమని అనలేము. కాని సంబంధం లేని మరికొందరు మళ్లీ చేసి చూసి, అదే ఫలితం వస్తేనే నమ్మకం బలపడుతుంది. ఏ పరిశోధన గురించి చదివినా "ఎంతమందిని పరీక్షించారు? దేనితో పోల్చారు? ఖర్చు ఎవరు పెట్టారు?" అనే మూడు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకోండి.

మనుషుల మధ్య పూలు

పువ్వు మనుషులను దగ్గర చేస్తుందని మన ఇళ్లలో కొలతలు లేకుండానే తెలుసు. ఒకరి పెరట్లో మల్లె విరగబూస్తే ఇరుగుపొరుగు జడల్లోకి తలా మూరెడు దండ చేరుతుంది. తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చే బతుకమ్మను ఒక్కరే ఆడలేరు. పూలు ఏరడానికీ, పేర్చడానికీ, చుట్టూ తిరిగి పాడడానికీ పదిమంది కావాలి.

2020లో కరోనా వ్యాపించినప్పుడు ఈ కలయికలే ఆగిపోయాయి. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. పెళ్లిళ్లు లేవు, గుడి తలుపులు మూతపడ్డాయి. ధాన్యంలాగా పూలను గాదెలో నిలవ చేయలేము కదా! కోసిన పువ్వు శ్వాసిస్తూ, తన చక్కెరను తానే ఖర్చు చేసుకుని వాడిపోతుంది. కొనేవారు లేక రైతులు పూలను చేలలోనే వదిలేశారు.

నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మేర్‌లో ఉన్న పెద్ద పూల వేలం కేంద్రంలో కూడా ఆ మార్చి నెలలో లక్షలాది పూలు చెత్తపాలయ్యాయి. అయితే అక్కడి రైతులు కొందరు ట్యులిప్ పూలను ఆసుపత్రులకూ, వృద్ధాశ్రమాలకూ ఉచితంగా పంపారు. కన్నబిడ్డలు కూడా లోపలికి వెళ్లి చూడడానికి వీలులేని రోజులవి. మనిషి వెళ్లలేని చోటికి పువ్వు వెళ్లింది. "మిమ్మల్ని తలుచుకునేవారు ఉన్నారు" అని చెప్పడానికి అంతకంటె ఏం కావాలి?

మీరూ చేసి చూడండి

ఒకేరకమైన రెండు గాజు గ్లాసులు తీసుకోండి. రెండింటిలోనూ సమానంగా నీరు పోసి, ఒకే మొక్క నుంచి కోసిన మూడేసి చామంతులు పెట్టండి. ఒక గ్లాసులో నీటికి తగిలే ఆకులన్నీ తుంచివేసి, రోజూ నీరు మార్చి, కాడ చివర కొద్దిగా కత్తిరించండి. రెండో గ్లాసును ముట్టుకోవద్దు. నీటి రంగు, వాసన, పూల స్థితి ఐదు రోజులపాటు నోటు పుస్తకంలో రాసుకోండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఏ గ్లాసు పూలను రోగి పక్కన పెట్టవచ్చో మీకే తెలుస్తుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె పెద్దాయనతో వాదించలేదు. సిస్టర్‌ను అడిగింది. ఆమె సరేనన్నది. అమ్మాయి నోటు పుస్తకం తీసి, 120 లీటర్లు, 0.8 లీటరు అనే రెండు అంకెలు వేసి పెద్దాయనకు చూపింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని లెక్క రెండుసార్లు సరిచూశారు. "అయితే నేను బయటికి వెళితే మీ అమ్మమ్మకు ఇంకా ఎక్కువ ప్రాణవాయువు మిగులుతుందన్నమాట!" అని నవ్వారు. మర్నాడు ఆ అమ్మాయి నీరు మార్చడానికి వచ్చినప్పుడు పక్క మంచం ఆమె కోసం మరొక సీసా కూడా తెచ్చింది.